నూట ఇరవై రోజులు

"మీ అబ్బాయి కువైట్‌లో ఏం చేస్తాడండీ?" అని ఎవరైనా అడిగితే మా అమ్మ "రక్తాలు చూస్తాడండి" అనేది. నా ఉద్యోగం గురించి అంతకంటే బాగా ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. 1998లో ఇక్కడికొచ్చాను. అప్పట్నుంచీ ఆసుపత్రిలో హెమటాలజీ ల్యాబులో టెక్నీషియన్ని. చమురు దేశంలో ఇన్నేళ్ళున్నా నేను చూసిన నూనె మైక్రోస్కోపు లెన్సుకి రాసే చుక్క ఒక్కటే.

ఈ పనిలో ఉన్నవాళ్ళకి ఒక అలవాటు పడిపోతుంది. శాంపిల్ చేతికి రాగానే ముందు ట్యూబు మీద పేరు చూస్తాం. మనవాళ్ళయితే ఇట్టే తెలిసిపోతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుంటుంది కాబట్టి లేబుల్ మీదా అదే ముందొస్తుంది. పాపం, ఫిలిప్పీన్స్ సిస్టర్లు అదే అసలు పేరనుకుని వార్డులో గట్టిగా పిలుస్తుంటారు. మనవాళ్ళు అది తమ పేరేనని తెలియక పలక్కుండా కూర్చుంటారు.

2010 జూలైలో ఒక రాత్రి డ్యూటీలో అలాంటి ట్యూబొకటి వచ్చింది. ఇంటిపేరు చూస్తే గోదావరి జిల్లాలనిపించింది. ఆడమనిషి, 24 ఏళ్ళు. హిమోగ్లోబిన్ 7.9. మిషను ఆ రిపోర్టు పక్కన రెండు మూడు హెచ్చరిక గుర్తులు కూడా వేసింది. అలాంటప్పుడు స్లయిడు చేసి కంటితో చూడటం పద్ధతి. గాజు పలక మీద చుక్క లాగి, ఆరబెట్టి, రంగు వేసి, లెన్సు కింద పెట్టాను.

గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణాల మధ్య అక్కడక్కడా సన్నగా, వంపుగా, రెండు కొసలా మొనదేలిన కణాలు. కొడవళ్ళు.

కువైట్‌లో ఇది వింత కాదు. ఇక్కడి పిల్లల స్లయిడ్లలో ఇవి నాకు వారం వారం కనిపించేవే. అరబ్బీలో ఈ జబ్బుని ఫఖ్ర్ అద్దమ్ అల్ మింజలీ అంటారు. మింజల్ అంటే కొడవలే. కానీ ఆ రాత్రి ఆ పేరు పక్కన ఆ కొడవళ్ళు చూసేసరికి నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. కారణం తరవాత చెబుతాను.

ల్యాబు పని ఒక కొలిక్కి వచ్చాక క్యాజువాలిటీకి వెళ్ళాను. మాకు పేషెంట్లతో పని ఉండదు, వెళ్ళకూడదని కాదు గానీ వెళ్ళం. బయట బెంచీ మీద ఆ ఇంటి డ్రైవరు కూర్చుని ఉన్నాడు, రాయచోటి అబ్బాయి. "నాలుగు దినాల్నుంచి కాళ్ళు నొప్పి, నడుం నొప్పి అని ఏడుస్తాండాదన్నా. రెండు క్లినిక్కులకి తీసకపోయినా. సూది ఏసి పంపిస్తాండారు. ఇంట్లో మామా ఏమో కస్లానా అంటాది" అన్నాడు. ఇంటి యజమానురాలిని పనివాళ్ళు పిలిచే పిలుపు మామా. కస్లానా అంటే సోమరిది.

ఆ అమ్మాయి పేరు ఇక్కడ రాయను. అడ్డతీగల పక్క ఏజెన్సీ ఊరు. ఖద్దామా వీసా మీద వచ్చి ఏడాదిన్నర అయింది. నేను తెలుగులో పలకరించేసరికి మంచం మీద లేచి కూర్చోబోయింది.

"కాళ్ళు పీకేస్తన్నాయండి. ఎముకలు లోపల్నించి ఎవరో సుత్తెట్టి కొడతన్నట్టుందండి. అబద్ధం కాదండి అన్నయ్యగారూ."

చివరి మాట అనాల్సిన అవసరం ఆమెకి రావటం నాకు బాధనిపించింది. ఎప్పట్నుంచి అని అడిగాను. చిన్నప్పట్నుంచీ వానాకాలంలో వచ్చేవిట. కళ్ళు అప్పుడప్పుడూ పచ్చబడేవిట. పసరు మందు పోయించేవారుట. గల్ఫ్ మెడికల్‌లో పాసైంది. అది ఆశ్చర్యం కాదు. ఆ కాగితాల్లో క్షయ, హెచ్ఐవీ, కామెర్ల వైరస్‌లు అన్నీ ఉంటాయి. ఈ జబ్బు కోసం ఒక గడి నేనెప్పుడూ చూడలేదు.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అన్నాను.

"మా అన్నయ్యకుండేదండి. సచ్చిపోయాడండి, పదకొండేళ్ళప్పుడు. పొట్ట ఉబ్బిపోయి, కళ్ళు పచ్చగా అయిపోయి. రాజమండ్రి కూడా తీసుకెళ్ళారండి. రక్తం తక్కువుందని బలం బిళ్ళలు ఇచ్చి పంపారండి. కోనసీమలో పెద్ద తుఫానొచ్చింది సూడండి, ఆ ఏడు."

ఆ తుఫాను 1996 నవంబరులో వచ్చింది. ఆ ఏడు నేను రాజమండ్రిలో ఒక ల్యాబులో పనిచేస్తున్నాను.

చెబుతానన్న కారణం ఇదే. ఆ రోజుల్లో పొద్దున్నే డెబ్భై, ఎనభై శాంపిల్స్ వచ్చేవి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. కిటికీ దగ్గర అద్దం తిప్పి ఎండ వెలుగుతో స్లయిడ్లు చూసేవాణ్ణి. ఒక రోజు ఏజెన్సీ నుంచి వచ్చిన కుర్రాడి స్లయిడులో కొన్ని కణాలు సన్నగా, మొనలు తేలి కనిపించాయి. హిమోగ్లోబిన్ ఆరో, అంతకంటే తక్కువో. పుస్తకంలో కొడవలి కణాల బొమ్మ చదువుకున్నవాణ్ణే. కానీ ఆ బొమ్మ కింద ఆఫ్రికా అని ఉండేది. స్లయిడు సరిగ్గా ఆరలేదనుకున్నాను. మళ్ళీ చేయాలి, కానీ ఇంకా అరవై ట్యూబులున్నాయి. "రక్తహీనత, ఐరన్ లోపం కావచ్చు" అని రాసి పక్కన పెట్టాను. డాక్టరుగారు ఐరన్ రాసి ఉంటారు. నా రిపోర్టు చూసి ఎవరైనా అదే రాస్తారు.

ఆ కుర్రాడూ ఈమె అన్నా ఒకడే అని నేననటం లేదు. ఏజెన్సీలో అలాంటి పిల్లలు ఎందరో. అన్న పేరు అడిగితే పేరు చెప్పేది, కానీ నాకు ఆ రిపోర్టు మీది పేరు గుర్తులేదు కదా. అందుకని అడగలేదు అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, అడగటానికి ధైర్యం చాలలేదు.

ఈ జబ్బు చరిత్ర చదివినప్పుడల్లా ఒక చోట ఆగిపోతాను. 1904లో కరీబియన్ ద్వీపం గ్రెనడా నుంచి వాల్టర్ క్లెమెంట్ నోయెల్ అనే కుర్రాడు దంతవైద్యం చదవటానికి షికాగో వచ్చాడు. ఊరుగాని ఊళ్ళో జబ్బుపడి ఆసుపత్రిలో చేరితే, ఎర్నెస్ట్ ఐరన్స్ అనే జూనియర్ డాక్టరు అతని రక్తం చూసి, కణాలు చిత్రంగా ఉన్నాయని ఆగాడు. వాటి బొమ్మ గీసి పెట్టాడు. ఆయన పై డాక్టరు జేమ్స్ హెరిక్ 1910లో ఆ సంగతి ప్రచురించాడు. వైద్యశాస్త్రంలో ఈ జబ్బుకి మొదటి పేషెంటు కూడా మనలాగే పరాయి దేశం వెళ్ళినవాడే. చదువు పూర్తిచేసి సొంత ద్వీపానికి వెళ్ళి ప్రాక్టీసు పెట్టుకుని 1916లో పోయాడు. నన్ను ఆపేది మాత్రం ఆ జూనియర్ కుర్రాడి సంగతి. అతను చూసి ఆగాడు.

ఆ రాత్రి నేను ఒక పాతకాలపు పని చేశాను. మా ల్యాబులో హిమోగ్లోబిన్ రకాలు విడదీసే మిషనుంది, తెల్లారితే అది లెక్క చెప్పేస్తుంది. అయినా నేను కళ్ళతో చూడాలనుకున్నాను. సోడియం మెటాబైసల్ఫైట్ అని ఒక మందుంది. నీళ్ళలో కలిపి రక్తం చుక్క పక్కన చుక్క వేసి, పైన పల్చటి గాజు మూసి, అంచులు వాజ్‌లైనుతో సీలు చేస్తే, లోపలున్న ఆక్సిజన్ అంతా అది లాగేస్తుంది. లెన్సు కింద పెట్టి కూర్చున్నాను. మొదట కణాలు గుండ్రంగానే ఉన్నాయి, పుల్లట్ల మాదిరి. టీ తాగొచ్చి చూసేసరికి ఒకటీ రెండూ మొన తేల్చాయి. అరగంట దాటాక ఎటు చూసినా కొడవళ్ళే. పొద్దున్నే వచ్చిన మా సెక్షన్ పెద్ద, ఈజిప్టు డాక్టరమ్మ, చూసి "మ్యూజియం పెట్టావా?" అని నవ్వింది. తరవాత తనూ చూసి నవ్వటం మానేసింది.

కణం లోపల ఏం జరుగుతోందో ఇక్కడ కొంచెం చెప్పాలి. విసుక్కోకండి, నేను నా జీవితమంతా చూసింది ఇదే.

ఎర్ర రక్తకణం ఒళ్ళంతా తిరుగుతూ అందరికీ ప్రాణవాయువు మోస్తుంది. తను మోసేదాంట్లోంచి రవ్వంత కూడా తను వాడుకోదు. వాడుకోలేదు. ఆక్సిజన్‌తో చక్కెరని పూర్తిగా మండించుకునే పొయ్యి ఒకటుంటుంది మిగతా కణాల్లో, మైటోకాండ్రియా అని. ఎర్రకణం ఎముక మూలుగలో తయారై బయల్దేరేటప్పుడే ఆ పొయ్యినీ, కేంద్రకాన్నీ వదిలేసుకుంటుంది. విమానం ఎక్కేముందు బరువు సరిపోక మనం సామాను తీసి పక్కన పెట్టేస్తాం చూడండి, అలా. ఉన్న జాగా అంతా హిమోగ్లోబిన్‌తో నింపుకుంటుంది. తన తిండికి చక్కెరని సగం కాల్చి మిగతాది లాక్టేటుగా వదిలేస్తుంది. ఒక్క గ్లూకోజు అణువు నుంచి పొయ్యి ఉన్న కణాలు ముప్ఫై దాకా ఏటీపీలు సంపాదిస్తాయి. ఏటీపీ అంటే కణానికి చేతిఖర్చు. ఎర్రకణానికి దక్కేవి రెండు. ఆ రెంటితోనే లోపలికొచ్చే సోడియాన్ని బయటికి తోడిపోస్తూ, పొటాషియాన్ని లోపల నిలుపుకుంటూ, తనకంటే ఇరుకు సందుల్లోంచి దూరటానికి పైపొరని మెత్తగా ఉంచుకుంటూ, 120 రోజులు బతుకుతుంది.

ఇందులో ఇంకో ఖర్చుంది. ఆ చక్కెర సగం కాలే దారిలో ఒక పక్కదారి ఉంది. రాపపోర్ట్, లూబరింగ్ అనే ఇద్దరు కనిపెట్టారు కాబట్టి వాళ్ళ పేరే పెట్టారు. ఆ పక్కదారిలో తయారయ్యే పదార్థాన్ని పొట్టిగా డీపీజీ అంటాం. అదెందుకో చాలాకాలం తెలియలేదు. 1967లో బెనెష్ దంపతుల లాంటివాళ్ళు తేల్చారు: డీపీజీ వచ్చి హిమోగ్లోబిన్‌ని పట్టుకుంటే, హిమోగ్లోబిన్ తన చేతిలోని ఆక్సిజన్‌ని తొందరగా వదిలేస్తుంది. అంటే ఇచ్చే చెయ్యి ఇంకా ధారాళం అవుతుంది. అయితే పక్కదారిన పోయిన చక్కెర నుంచి కణానికి దక్కే ఏటీపీ సున్నా. ఇవ్వటం కోసం తన చేతిఖర్చు వదులుకుంటుందన్నమాట.

రక్తం తక్కువైనప్పుడు డీపీజీ పెరుగుతుంది. ఉన్న కొద్ది కణాలూ ఎక్కువ ఇవ్వాలి కదా. ఏ మామూలు రక్తహీనతలోనైనా ఇది ఒంటికి మేలే. కొడవలి జబ్బులో అదే గొంతుకోత. ఎందుకంటే ఆ హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ చేతిలో ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. ఇచ్చేశాకే ఒకదానికొకటి అతుక్కుని ఊచల్లా గట్టిపడుతుంది. ఎంత తొందరగా ఇస్తే అంత తొందరగా కొడవలి. 120 రోజులు బతకాల్సిన కణం పదో ఇరవయ్యో రోజులకి రాలిపోతుంది. రక్తం ఇంకా తగ్గుతుంది. తగ్గింది కాబట్టి డీపీజీ ఇంకా పెరుగుతుంది.

ఆ అమ్మాయి జీతం యాభై దినార్లు. నలభై అయిదు ఇంటికి పంపేది. ఇంటి కప్పుకి రేకులు వేయించటానికని మామా దగ్గర అడ్వాన్సు తీసుకుని, అదీ పంపేసింది. దాంతో నొప్పి మాత్రలకి కూడా డ్రైవరు దగ్గర చేబదులు. ఈ పోలిక నాది. తను వింటే "ఊరుకోండన్నయ్యగారూ" అంటుంది. కానీ డీపీజీ గురించి ఎవరికి చెప్పినా నాకు ఆ నలభై అయిదు దినార్లే గుర్తొస్తాయి.

పొద్దున మిషను లెక్క ఇచ్చింది. ఎక్కువ భాగం ఎస్ హిమోగ్లోబిన్. పెద్దవాళ్ళలో మామూలుగా ఉండే ఎ హిమోగ్లోబిన్ లేదు. అంటే అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా వచ్చింది. విశేషమేమిటంటే ఎఫ్ హిమోగ్లోబిన్ ఇరవై శాతం పైన ఉంది. అది కడుపులో బిడ్డకుండే హిమోగ్లోబిన్. పుట్టిన ఏడాదికల్లా దాదాపు పోవాలి. ఈ ఎఫ్‌కి రెండు మంచి గుణాలున్నాయి. కొడవలి ఊచల్లో అది కలవదు. డీపీజీ మాట కూడా పెద్దగా వినదు. అందుకే కదా కడుపులో బిడ్డ తల్లి రక్తంలోంచి ఆక్సిజన్ లాక్కోగలిగేది. ఇన్నేళ్ళూ ఈమెని కాపాడింది ఆ పసితనపు హిమోగ్లోబినే.

డాక్టరమ్మ ఆ కాగితం చూసి "ఇది మా పిల్లల కాగితంలా ఉందే" అంది. నిజంగానే. మన మధ్యభారతంలో, ఒడిశాలో, ఏజెన్సీల్లో ఉన్న కొడవలి జన్యువూ, సౌదీ తూర్పు తీరంలో, కువైట్‌లో ఉన్న జన్యువూ ఒకటే రకం. ఆఫ్రికా నుంచి వచ్చినది కాదు, వేరుగా పుట్టింది. కులోజిక్, ఆయన తోటివాళ్ళు 1986లో ఒడిశా రక్తాన్నీ, తూర్పు సౌదీ రక్తాన్నీ పక్కపక్కన పెట్టి ఆ సంగతి చూపించారు. దానికి అరబ్-ఇండియన్ రకం అనే పేరు. కువైట్ యూనివర్సిటీలో పిల్లల డాక్టరు అడెకిలే చాలా ఏళ్ళు ఇక్కడి పిల్లల మీద పరిశోధన చేసి, వీళ్ళలో ఎఫ్ ఎక్కువని, జబ్బు చాలామందిలో ఆలస్యంగా, కొంత మెత్తగా నడుస్తుందని రాశారు. ఆయన నైజీరియా నుంచి వచ్చినవారు. మెత్తగా అంటే నొప్పి ఉండదని కాదు. ఎవరూ నమ్మనంత ఆలస్యంగా వస్తుందని.

మధ్యాహ్నం యజమానురాలు వచ్చింది. డాక్టరు అరబ్బీలో ఏదో చెబుతుంటే విసుగ్గా నిలబడి వింటోంది. "మింజలీ" అనే మాట వినపడగానే పక్కనున్న కుర్చీలో కూర్చుండిపోయింది. వాళ్ళ చెల్లెలి కొడుక్కి అదే జబ్బుట. రాత్రిళ్ళు ఆ పిల్లాడు నొప్పికి అరుస్తుంటే ఎత్తుకుని తిరిగింది ఈవిడే. "హింద్‌లో కూడా ఉందా ఇది?" అని నన్నడిగింది. ఉంది అన్నాను. కాసేపటికి డ్రైవర్ని కిందికి పంపి నీళ్ళ సీసాల కేసు తెప్పించి మంచం కింద పెట్టించింది. కస్లానా అన్న మాటకి క్షమాపణేమీ చెప్పలేదు. ఆ అమ్మాయి ఎదురుచూడనూ లేదు.

నీళ్ళు అన్నాను కదా. మందులన్నిటికంటే ముందు చెప్పాల్సింది అదే. ఒంట్లో నీరు తగ్గితే కణంలో కూడా తగ్గుతుంది. లోపలి హిమోగ్లోబిన్ చిక్కబడి ఇంకా తొందరగా అతుక్కుంటుంది. అసలే కొడవలి కణం పైపొర కన్నాలు పడ్డ బిందెలాంటిది, పొటాషియం కారిపోతుంది, దాని వెంట నీరూ పోతుంది. తోడిపోయటానికి చేతిఖర్చు చాలదు. కువైట్ ఎండ సంగతి మీకు తెలిసిందే. 2016 జూలై 21న ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు కొలిచారు. ఆ అమ్మాయి గది మేడ మీద, వంటిల్లు కింద. బయట నిప్పు, లోపల ఏసీ వణుకు. ఆ మార్పు కూడా నొప్పిని లేపుతుంది. ఇంకో సంగతి తను సిగ్గుపడుతూ చెప్పింది. బాత్‌రూముకి మాటిమాటికీ వెళ్తే పని ఆగుతుందని నీళ్ళు తాగటమే తగ్గించేసిందిట.

వారానికి తగ్గింది. హైడ్రాక్సీయూరియా మొదలుపెట్టారు. అది ఎఫ్ హిమోగ్లోబిన్‌ని పెంచే మందు, అమెరికాలో ఈ జబ్బుకి 1998లో అనుమతించారు. రక్తకణాల లెక్క చూసుకుంటూ వాడాలి. ఆ లెక్క నేనే చూసేవాణ్ణి. శుక్రవారాలు మాలియాలో కనిపించినప్పుడు నా మొదటి ప్రశ్న ఒక్కటే, "నీళ్ళు తాగుతున్నావా?" తన చేతిలో ఎప్పుడూ ఒక సీసా ఉండేది. దూరం నుంచే ఎత్తి చూపించేది.

2012లో ఇంటికి వెళ్ళిపోయింది. ఇంట్లో మేనరికం ఎప్పుడో అనుకున్నారు, అత్త కొడుకే. వెళ్ళిన నెలకి ఫోను చేసింది.

"అన్నయ్యగారూ, మా బావకి కూడా రక్తం చూపించాలాండి?"

చూపించాలన్నాను. కువైట్‌లో అయితే 2008లో 31వ నంబరు చట్టమే చేశారు, పెళ్ళి కాగితాలకి ముందు ఆ పరీక్ష జరగాలని. మన దగ్గర అలాంటిది లేదు, మాట మీద జరగాలి. లెక్క చెప్పాను. నీకు రెండూ ఎస్‌లే. అతనికి ఏ తేడా లేకపోతే పిల్లలందరూ నీ నుంచి ఒక ఎస్ మాత్రమే మోస్తారు, జబ్బు ఉండదు. అతనిలో ఒక ఎస్ ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకీ సగానికి సగం జబ్బు వచ్చే వీలుంది. ఆమె కాసేపు మాట్లాడలేదు. "మా అన్నయ్యలాగాండి?" అంది.

బావ ఒప్పుకున్నాడు, చెప్పుకోవాలి. ఆ అబ్బాయి మంచివాడే. కాకినాడ వెళ్ళి చూపించుకున్నాడు. ఒక ఎస్ ఉంది. పెళ్ళి వద్దన్నది ఈమే. వాళ్ళత్త ఊరంతా వినేలా "కువైట్ డబ్బు చూసి కళ్ళు నెత్తికెక్కాయి" అంది. రాకపోకలు పోయాయి. నేను చేసింది మంచి పనేనా అని ఆ రోజుల్లో చాలాసార్లు అనుకున్నాను. ఇక్కడ గాజు పలక మీద చుక్క చూసి ఫోనులో ఓ మాట అన్నాను. అక్కడ రెండిళ్ళు విడిపోయాయి.

తరవాత రాజవొమ్మంగి వైపు సంబంధం, అతని రక్తం మామూలే. 2016లో పాప. కాన్పు కష్టమైంది, రెండు సీసాల రక్తం ఎక్కించారు. సీసాలో నిలవ ఉన్న కణాలు కూడా అక్కడ కలిపిన చక్కెర తింటూనే బతుకుతాయి. రెండు వారాలు దాటేసరికి వాటిలో డీపీజీ దాదాపు అయిపోతుంది. ఒంట్లోకి ఎక్కాక ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ తయారుచేసుకుంటాయి. జాబ్రియాలోని బ్లడ్ బ్యాంకులో మన తెలుగువాళ్ళు క్యాంపు పెట్టినప్పుడల్లా చెయ్యి చాచి పడుకుని నేను ఈ సంగతే ఆలోచిస్తుంటాను.

మందుల సంగతి అడుగుతారేమో. కణం చక్కెర కాల్చుకునే దారినే సరిచేయాలని ఇప్పుడు చూస్తున్నారు. మిటాపివాట్ అని ఒక మాత్ర, ఆ దారి చివర ఉన్న ఎంజైముని చురుకు చేస్తుంది. ఏటీపీ పెరుగుతుంది, డీపీజీ తగ్గుతుంది. వేరే రక్తజబ్బుకి 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది, కొడవలి జబ్బు మీద కూడా ప్రయోగాలు చేశారు. నేను మాత్రం తొందరపడి ఎవరికీ చెప్పను. వాక్సెలోటార్ అని 2019లో ఎంతో ఆశగా వచ్చిన మందుని 2024లో కంపెనీయే అన్ని దేశాల నుంచీ వెనక్కి తీసుకుంది.

2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టింది. మరుసటేడు వాళ్ళ ఊళ్ళోనూ వేలి చివర పొడిచి చూశారుట. పాప చేతికి కార్డొచ్చింది. "ఒక ఎస్సే అని రాశారండి, మీరు చెప్పినట్టేనండి" అని ఫోనులో చదివి వినిపించింది. అప్పుడు చెప్పింది అసలు సంగతి.

బావ వేరే మేనరికం చేసుకున్నాడు. కాకినాడ కాగితం సంగతి అప్పుడు ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ఆ పెళ్ళీ చెడుతుందని భయం. ఇప్పుడు తొమ్మిదేళ్ళ కొడుకు. వాడి కార్డులో రెండు ఎస్‌లు. వానలు పడితే కాళ్ళు పట్టుకుని ఏడుస్తాడుట. కార్డు వచ్చిన మూడో రోజు, పన్నెండేళ్ళ తరవాత, అత్త వచ్చి ఈమె గడపలో కూర్చుంది.

"ఏమందమ్మా?"

"ఏమీ అనలేదండి. నువ్వేం మందు వాడతావే అని అడిగిందండి. నా డబ్బా చూపించానండి. అందులోంచి నాలుగు బిళ్ళలు ఇమ్మందండి, మనవడికి."

"ఇచ్చావా?" నా గొంతు పెరిగింది.

"లేదండి. మీరు చెప్పారు కదాండి, బరువు చూసి ఇవ్వాలని, రక్తం లెక్క చూసి ఇవ్వాలని. బిళ్ళలివ్వలేదని మళ్ళీ కోపం వస్తాదేమోనని భయమేసిందండి. మర్నాడు నేనే కూడా వెళ్ళి పిల్లాణ్ణి కాకినాడ తీసుకెళ్ళానండి. బస్సులో అత్త నా పక్కన కూర్చోలేదండి. వాడు కూర్చున్నాడండి."

"నీళ్ళు..." అనబోయాను.

"వాడికి సీసా కొనిచ్చానండి. బడికి పట్టికెళ్తన్నాడండి. బాత్‌రూముకి పంపటం లేదంట మేష్టారు. రేపు నేనెళ్ళి మాట్లాడతానండి. ఆ మేష్టారికి ఏం చెప్పాలో కాస్త చెప్పండి అన్నయ్యగారూ. మాటలు కాదండి, మొన్న మీరు నాకు చెప్పారు చూడండి, చక్కెర సంగతీ అదీ. కాగితం మీద రాసుకుంటాను, ఉండండి, పెన్ను తెచ్చుకుంటాను."